బండికి మనమే రంగేద్దాం, బేరం మాత్రం ఆడొద్దు

హాస్టల్‌లో చేరిన మొదటి వారంలోనే మనమందరం ఒకసారి పెయింటర్లమయ్యాం. గుర్తుందా? ట్రంకు పెట్టె మీద పేరు, తరగతి, ఊరు రాసుకోవాలి. లేకపోతే ఎవరి పెట్టె ఎవరిదో తెలియక రోజూ గొడవే. ఎవరో సగం ఎండిన తెల్ల పెయింటు డబ్బా తెచ్చేవారు. బ్రష్షు ఉండేది కాదు. వేపపుల్ల కొసను నమిలి, కుచ్చులా చేసి దానితోనే రాసేవాళ్లం. అక్షరాలు కారి తోకలు దిగేవి. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయేసరికి సగం పేరు రాలిపోయేది. మా గదిలో ఒక్కడి పెట్టె మీద మాత్రం పదో తరగతి పూర్తయ్యేదాకా పేరు అలాగే ఉంది. వాడి బాపు ఆదిలాబాద్‌లో ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పనిచేసేవాడు. పేరు రాసే ముందు ఆయన ఆ కొత్త పెట్టె మూతను ఎమరీ పేపరుతో గరుకుగా గీకి, గుడ్డతో తుడిచి, అప్పుడు రాశాడు. మేము నవ్వుకున్నాం. కొత్త పెట్టెను ఎవరైనా గీకుతారా అని.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మాకు ఆ పెట్టె, ఆ తర్వాత ఆయన స్కూటరు గుర్తుకొచ్చాయి. మేము నలుగురం ఒకే గది వాళ్లం. ఒకరు టీచరు, ఒకరు బ్యాంకులో, ఒకరు మంచిర్యాల వైపు సింగరేణిలో. నాలుగోవాడు ఆ పెట్టె వాడే, ఆదిలాబాద్‌లోనే మెడికల్ షాపు నడుపుతున్నాడు. 2016లో మన పాత జిల్లా నాలుగు జిల్లాలైంది. మేము కూడా తలో దిక్కు అయ్యాం. అయినా కాక ఇంటికి పోవడం మాత్రం మానలేదు. వాడికి బాపు, మా ముగ్గురికి కాక.

కాక బండి 1999 మార్చిలో రిజిస్టరైన బజాజ్ చేతక్. 2004లో సెకండ్‌హ్యాండులో కొన్నాడు. వాళ్ల వాడలో మొదటి బండి అదే. ఆస్పత్రికి, పెండ్లిచూపులకు, పరీక్ష సెంటర్లకు వాడంతా దాని మీదే పోయింది. ఏండ్ల తరబడి ఇతరుల కార్లకు, జీపులకు రంగులేసిన మనిషి తన స్కూటరుకు మాత్రం ఒక్కసారి కూడా వేయలేదు. పని ఉన్నప్పుడు తీరిక లేదు, తీరిక ఉన్నప్పుడు పైసలు లేవు. 15 ఏండ్లు దాటిన సొంత బండికి ఆర్సీని ఐదేండ్లకోసారి రెన్యువల్ చేయించాలి, బండిని తీసుకుపోయి చూపించాలి. 2014, 2019 గడిచాయి. 2024 మార్చి దగ్గర పడుతుండగా చూస్తే ఫుట్‌బోర్డు కింద జంగు పట్టి పెచ్చులు లేస్తున్నది, రెండు పక్కల డబ్బాలకు సొట్టలు. తుక్కుకు వేయండని సలహా ఇచ్చినవాళ్లే ఎక్కువ.

ఒక షెడ్డుకు తీసుకుపోయాం. ఆరు వేలు అన్నారు. మేము నాలుగు వేలకు అడిగాం. కుదరక తిరిగొచ్చి, ఆ మాట కాకకు గొప్పగా చెప్పాం. దోచుకుంటున్నారు కాకా, రంగు డబ్బా ఎంతుంటది, మేమే వేస్తాం, దాంట్లో ఏముంది అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"నాలుగు వేలకు అడిగిండ్రా? నేను షెడ్డుల ఉన్నప్పుడు గూడ గిట్లనే అడిగేటోళ్లు. సేటు ఒప్పుకునేటోడు. సగం పైసలకు సగం గీకుడే అయితది బిడ్డా. మీదికెల్లి మెరుస్తది, లోపట జంగు అట్లనే ఉంటది."

మేమే వేస్తామన్న మాటకు ఆయనకు కోపం కూడా వచ్చింది. "నా చేతులకు అంటింది మీ చేతులకు అంటద్దనే గదా వీన్ని హాస్టల్‌ల ఏసిన" అన్నాడు. రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ కోపం న్యాయమైనదే. మన ఇండ్లలో చేతి పని ఎవరూ సరదాకు చేయలేదు. తప్పక చేశారు. ఆ పని నుంచి బయటపడడానికే మనల్ని పెట్టె ఇచ్చి ఇక్కడికి పంపారు. ఆదివారం పూట ముచ్చటకు బండికి రంగేసుకుని, శ్రమ ఎంత మధురమో అని వ్యాసం రాసేవాళ్లను చూస్తే మాకూ ఒళ్లు మండుతుంది. మేము చెప్పేది అది కాదు. ఒకసారి సొంతంగా చేస్తే ఆ పనికి ఎంత ఇవ్వాలో తెలుస్తుంది. మాకు అక్కడే కండ్లు తెరుచుకున్నాయి.

కాక చివరకు ఒప్పుకున్నాడు, షరతుల మీద. పని బయట వేపచెట్టు కింద జరగాలి, గదిలో కాదు. గట్టిపరిచే మందు, అంటే హార్డెనర్, కలిపే రంగు ఇంటికి రాకూడదు. మూతికి మాస్కు లేకుండా డబ్బా ముట్టుకోకూడదు. ఆయన మాత్రం గాలికి ఎదురుగా, దూరంగా మంచమేసుకుని కూర్చుంటాడు. థిన్నర్ వాసన దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పి చాలా ఏండ్లయింది.

ముందు రంగు ఏది అన్న పంచాయితీ. ఒకడు మిలటరీ జీపు రంగు అన్నాడు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరికీ వేయకూడదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 121వ నియమం అదే చెబుతుంది. ఇంకొకడు నీలం అన్నాడు. ఎందుకో మన హాస్టల్ వాళ్లకు చెప్పనక్కరలేదు. కానీ ఆర్సీలో బండి రంగు గ్రే అని ఉంది. రంగు మారిస్తే రవాణా శాఖలో చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి, లేకపోతే రోడ్డు మీద ఆపినప్పుడు కాగితం ఒకటి, బండి ఒకటి. రెన్యువల్ ముందర ఆ తిరుగుడు వద్దనుకున్నాం. బండికి గ్రే, డిక్కీ మూత లోపలి వైపు నీలం. మూత తెరిచినవాడికే కనిపిస్తుంది.

2023 నవంబరులో మొదలుపెట్టాం. మొదటి ఆదివారం అంతా విప్పడం, కడగడం, గీకడం. మేము నిజంగా అనుకున్నదేమిటంటే, రంగు వేయడం అంటే రంగు వేయడమని. అది ఆఖరి అరపూట పని. పాత రంగు నున్నగా ఉంటే కొత్త రంగుకు పట్టు దొరకదు. గీకిన గీతల్లోనే అది వేళ్లూనుకుంటుంది. జంగు మీద రంగేస్తే రంగు కింద జంగు పెరుగుతూనే ఉంటుంది, ఆరు నెలలకు బుడగలా పైకొస్తుంది. జిడ్డుగాని, పాత పాలిష్‌గాని మిగిలితే ఆ చోట రంగు విడిపోయి చిన్న చిన్న గుంతలు పడతాయి. 120 నంబరు పేపరుతో మొదలుపెట్టి 220, 400 దాకా పోవాలి. ఒక డబ్బాకు ఒక పూట పట్టింది. బ్యాంకు మిత్రుడి వేళ్ల కొసలు అరిగి, సోమవారం ఆఫీసులో వేలిముద్ర మిషను వాడిని గుర్తుపట్టలేదు.

రెండో ఆదివారం సొట్టలు, పట్టీ. పట్టీ అంటే మన గోడల లప్పంలాంటిదే, ఇనుము కోసం చేసింది. మేము సొట్టను లప్పంతోనే నింపబోతే కాక మంచం మీది నుంచే కేకేశాడు. ముందు లోపలి నుంచి తట్టి సొట్ట తీయాలి, మిగిలిన సన్నటి పల్లానికే లప్పం. మందంగా పెడితే పగిలి రాలుతుంది. పైగా అది నీళ్లు పీలుస్తుంది. నీళ్లతో రుద్ది, తడి ఆరకముందే రంగేస్తే లోపలి తేమ బయటికి రావడానికి దారి వెతుక్కుంటుంది. బాగుందా లేదా అని మేము కండ్లు చిట్లించి చూస్తుంటే ఆయన అన్నాడు, "కండ్లు మూసుకో. చేతితోని చూడు." కండ్లు మూసుకుని అరచేత్తో నిమిరితే, నున్నగా ఉందనుకున్న చోట మిట్టలు, పల్లాలు తగిలాయి. ఆ ఒక్క మాట కోసం ఆ ఆదివారం పోయినా ఫరవాలేదు.

మూడో ఆదివారం ప్రైమర్ కొట్టాం. గ్రే ప్రైమర్ సమంగా పడి, బండి కొత్త పెండ్లికొడుకులా ఉంది. గంటలో చూస్తే దాని మీద తెల్లగా నూగు. ఏమిటా అని చూస్తే పత్తి! నవంబరులో ఆదిలాబాద్ అంటే మార్కెట్ యార్డు బయట పత్తి బండ్ల బారులు, జిన్నింగు మిల్లులు, గాలిలో తేలే దూది. రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్ ఉన్న ఊర్లో, పత్తి సీజనులో, ఆరుబయట రంగేసిన తెలివి మాది. మళ్లీ అంతా గీకాం. అది నాలుగో ఆదివారం.

నిజానికి మన ఊర్లో బండికి రంగేయడానికి ముహూర్తం దొరకడం కష్టమే. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. థిన్నర్ ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద దిగి, పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. మే నెల ఎండలో గన్నులోంచి వచ్చిన తుంపర రేకును తాకకముందే ఎండి, ఇసుక చల్లినట్టు పడుతుంది. డిసెంబరు, జనవరిలో మన చలి సంగతి తెలిసిందే, రంగు ఆరదు, బత్తాయి తొక్కలా ఉంటుంది. మేము ఫిబ్రవరి దాకా ఆగి, పొద్దున పదకొండు నుంచి మూడు లోపల ముగించాం. జానెడు దూరం నుంచి, రేకు బయట మొదలుపెట్టి రేకు బయట ఆపుతూ, పలుచగా, ఒక పొరకు ఇంకో పొరకు మధ్య పావుగంట ఆగుతూ. ఆగడమే అన్నిటికంటే కష్టం. ఇంకొంచెం కొడితే ఇంకొంచెం మెరుస్తుందనిపిస్తుంది. అలా కొట్టిన చోటే కారుతుంది.

ఆగి ఉన్న ఆ రెండు నెలల్లోనే ఒకరోజు నిర్మల్ పోయాం. చిన్నప్పుడు హాస్టల్ నుంచి బస్సులో తీసుకుపోయి బొమ్మలు చూపించినప్పుడు మనకు జామపండ్లు, చిలుకలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఈసారి పని కనిపించింది. పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, అదే ముద్దతో సందులు పూడ్చి, రుద్ది, తెల్లపూత పూసి, ఆరబెట్టి, అప్పుడు రంగు. మా స్కూటరుకు లప్పం, పేపరు, ప్రైమర్ అన్నట్టే. ఇంకో వింత, నిర్మల్ చిత్రాలకు వాడుతూ వచ్చిన డ్యూకో రంగు అసలు కార్ల రంగు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన ఆ రంగును జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కారుకు నీలంలో వేసింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరేది. త్వరగా ఆరే నలుపు మీదే ఆధారపడ్డ ఫోర్డు 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కారును నలుపులోనే అమ్మింది. కార్ల కోసం పుట్టిన రంగు మన నకాషీ కళాకారుల చేతికొచ్చి చిలుకల మీద, లతల మీద నిలిచింది. బొమ్మ చేసిన చేతిని కళ అంటాం, కారుకు రంగేసిన చేతిని షెడ్డు పని అంటాం. రెండూ ఒకే గీకుడు అని కాక అంటాడు. ఆయనది పూర్తిగా నిజం కాకపోవచ్చు, మాకు మాత్రం కాదనడానికి నోరు రాలేదు.

ఇక కాక పెట్టిన షరతుల సంగతి. ఇప్పుడు కార్ల షెడ్లలో వాడే టూ-కే రంగుల్లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాసన పట్టి జాగ్రత్త పడదామంటే కుదరదు, హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసం వస్తుంది. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. మామూలు థిన్నర్ ఆవిరికే బొగ్గు గుళికల డబ్బా ఉన్న మాస్కు కావాలి. టూ-కేకు బయటి నుంచి మంచి గాలి పంపే ముసుగు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ల వృత్తినే క్యాన్సర్ కారకమని 1989లోనే చెప్పింది. 1989! అప్పటికి మనలో చాలామంది పుట్టలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో ఏండ్లు కాక మూతికి తువ్వాల కట్టుకుని గన్ను పట్టాడు. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేము చెప్పినప్పుడు, "తెలిస్తే మాత్రం మానేటోన్నా? మీ ఫీజులు?" అన్నాడు.

అందుకే మా అభిప్రాయం ఇది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ మొదటి బండి కొత్తదైనా పాతదైనా, దానికి ఒకసారి మీ చేత్తో రంగేయండి. మొత్తం బండి కాకపోతే ఒక్క మడ్‌గార్డు. స్ప్రే డబ్బాలతోనో, బ్రష్షుతోనో, ఆరుబయట, నిప్పుకు దూరంగా, సరైన మాస్కుతో. హార్డెనర్ జోలికి పోవద్దు, అది సామాను ఉన్న షెడ్డులో చేయాల్సిన పని. ఆ తర్వాత షెడ్డుకు పోయినప్పుడు బేరం ఆడకండి. మాస్కు ఉందా అని అడగండి.

మా లెక్క చెబుతాం. సామాన్లకు మూడు వేలయ్యాయి. షెడ్డు వాళ్లడిగిన ఆరు వేలలో మూడు వేలు మిగిలాయని మొదట సంబరపడ్డాం. ఐదు ఆదివారాలు, నలుగురం, రోజుకు ఆరు గంటలు, మొత్తం 120 గంటలు. అంటే మేము సంపాదించింది గంటకు 25 రూపాయలు. పనివాడు మాలా తడుముకోడు, ఇద్దరు మనుషులు మూడు రోజుల్లో ముగిస్తారు. అయినా ఆ మూడు వేలలోంచి షెడ్డు కిరాయి, కరెంటు, కంప్రెసర్, సేటు వాటా పోగా గన్ను పట్టినవాడి చేతికి ఏం వస్తుందో మీరే వేసుకోండి. దాంట్లోంచి ఇంకో రెండు వేలు తగ్గించమన్నది మేమే. డిగ్రీలు చదివిన మేమే, ఆ షెడ్డు పైసలతో చదివినవాడిని పక్కన పెట్టుకుని మరీ.

ఇంకో మాట. ప్రతి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థుల తరఫున అతిథులకు శాలువాలు, మెమెంటోలు ఇస్తున్నాం. ఆ ఖర్చుతో మన హాస్టల్‌కు ఒక పనిముట్ల పెట్టె కొందామని మా ప్రతిపాదన. స్పానర్ల సెట్టు, సుత్తి, పట్టుకారు, టెస్టర్, ఎమరీ పేపరు, రెండు మంచి మాస్కులు. బాలికల హాస్టల్‌కు ముందు, మనకు తర్వాత. ఈ మాట సమావేశంలో అంటే ఒక సీనియర్ అన్న గట్టిగానే అడ్డుపడ్డాడు. మన పిల్లలకు కోచింగ్ కావాలి, కంప్యూటర్లు కావాలి, స్పానర్లు ఎందుకు, మళ్లీ మనల్ని కుల వృత్తుల్లోకే పంపుతారా అని.

ఆ అనుమానాన్ని మేము కొట్టిపారేయం. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పిల్లలు సగం పూట బడిలో, సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలని పథకం పెట్టింది. తండ్రి పనే కొడుక్కి అన్నమాట. జనం ఎదురు తిరిగితే 1954లో అది పోయింది. మంచిదే అయింది. అన్న భయం అలాంటి చరిత్రలోంచి వచ్చింది. కానీ మేమడిగేది బడి పూట కాదు, మార్కులకు కాదు, ఎవరి తండ్రి పనీ కాదు. కోచింగ్ మానేసి కాదు. ఆదివారం ఇష్టమున్నవాళ్లు పెట్టె తెరిచి సైకిలుకో, మంచానికో, కిటికీకో మరమ్మతు చేసుకోవడం. పెద్ద బడుల్లో పిల్లలకు దీన్నే వర్క్‌షాపు అని పేరుపెట్టి ఫీజు తీసుకుంటారు. వాళ్లను ఎవరూ కుల వృత్తి అనరు. అన్న ఇంకా ఒప్పుకోలేదు. ఈ సంచిక చదివాక మళ్లీ మాట్లాడతాం.

మార్చిలో బండి రెన్యువల్ అయింది. తనిఖీ చేసినాయన చుట్టూ తిరిగి చూసి, ఎక్కడ వేయించారని అడిగాడు. ఇంట్లోనే అన్నాం, కొంచెం గర్వంగానే. ఇంటికొచ్చి కాక ముందు స్టాండు వేశాం. ఆయన మంచం మీది నుంచి లేచి వచ్చి, ఏమీ అనకుండా కండ్లు మూసుకుని, ఎడమ పక్క డబ్బా మీద అరచేయి పెట్టి మెల్లగా పై నుంచి కిందికి తెచ్చాడు. కింది అంచు దగ్గర చెయ్యి ఆగింది.

"గీడ కారింది" అన్నాడు.